రెండు గట్ల చెరువు: ఎర్రగా కనిపించే బాక్టీరియా గురించి భీమవరంలో ఒక ప్రసంగం

(జనవరి 12 సాయంత్రం భీమవరంలో, మెడికల్ కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

సభకు నమస్కారం. సంక్రాంతి రెండు రోజుల్లోకి వచ్చేసింది. ఈ సమయంలో భీమవరంలో బాక్టీరియా గురించి మాట్లాడతానంటే కుర్చీలు ఖాళీగా ఉంటాయనుకున్నాను. బరుల దగ్గర ఉండవలసినవాళ్లు కూడా కొందరు ఇక్కడ కనిపిస్తున్నారు. సంతోషం. కోళ్ల ప్రస్తావన కూడా వస్తుంది, తొందరపడకండి.

హాలు వెనుక బల్ల మీద రెండు మైక్రోస్కోపులు పెట్టించాను. వాటిని ఇప్పుడే ఎవరూ ముట్టుకోవద్దు. ఒకదానిలో ఊదారంగు కనిపిస్తుంది, రెండోదానిలో ఎర్రరంగు కనిపిస్తుంది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ఎర్రరంగు గురించే.

1884లో బెర్లిన్ నగరంలో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ వైద్యుడు, న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తున్నాడు. కండకూ క్రిమికీ తేడా తెలియడం లేదు. అందుకని ఊదారంగు వేసి, దాని మీద అయొడిన్ పోసి, తరువాత ఆల్కహాలుతో కడిగాడు. కొన్ని బాక్టీరియా ఎంత కడిగినా ఊదారంగును వదలలేదు. కొన్ని మాత్రం మొత్తం వదిలేసి తెల్లబోయాయి. వాటిని కంటికి కనిపించేలా చేయడానికి ఎర్రరంగు అద్దడం తరువాత వచ్చిన వారి పని. తన పద్ధతి లోపభూయిష్టమైనదని గ్రామ్ ఆ వ్యాసంలోనే క్షమాపణగా రాసుకున్నాడు. ఆయన లోపం అనుకున్నదే ఇప్పుడు మా శాస్త్రానికి మొదటి పాఠం. రంగు పట్టుకున్నవి గ్రామ్ పాజిటివ్, వదిలేసినవి గ్రామ్ నెగటివ్. నెగటివ్ అంటే ‘లేదు’ అని కాదు సుమండీ. పరీక్ష కాగితం మీద ‘గ్రామ్ నెగటివ్’ అని చూసి, హమ్మయ్య, ఏమీ లేదట అని ఇంటికి వెళ్లిపోయినవారిని నేను స్వయంగా చూశాను.

మరి రంగు ఎందుకు వదిలేస్తాయి? చెరువుల మీద బతికే ఊరు కాబట్టి చెరువు భాషలోనే చెబుతాను. ఊదారంగు బాక్టీరియాది ఒకటే గట్టు, కానీ బాగా మందంగా ఉంటుంది. రంగు ఆ మందంలో ఇరుక్కుపోతుంది. ఎర్రరంగు బాక్టీరియాకు రెండు గట్లు. లోపల ఒక గట్టు, బయట ఒక గట్టు, ఆ రెంటికీ మధ్య సన్నని కందకం లాంటి చోటు. బయటి గట్టు కొవ్వుతో కట్టినది కనుక ఆల్కహాలు తగలగానే కరుగుతుంది, రంగు జారిపోతుంది. చూడటానికి ఇంత చిన్న తేడా. ఆసుపత్రుల్లో ఈ రోజు మనం పడుతున్న బాధలో సగం ఈ బయటి గట్టు దగ్గరే మొదలవుతుంది.

ఎందుకంటారా? మందు లోపలికి పోవాలి. గట్టు దాటి ఎలా పోతుంది? గట్టుకు తూములు ఉన్నాయి. మేము వాటిని పోరిన్‌లు అంటాం. సన్నని తూములు. వ్యాన్‌కోమైసిన్ వంటి పెద్ద అణువు ఆ తూములో పట్టదు, అందుకే అది ఊదారంగు వాటికే పనికివస్తుంది. చిన్న అణువు తూములో దూరిందనుకుందాం. కందకంలో కొర్రమీను కాచుకుని ఉంటుంది. చేపపిల్లలు వదిలిన చెరువులో కొర్రమీను పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? బీటా లాక్టమేజ్ అనే ఎంజైములు పెన్సిలిన్ జాతి మందులను అలాగే కొరికి పారేస్తాయి. ఆ కొర్రమీనును కూడా తప్పించుకుని మందు లోపలికి చేరితే, అక్కడ ఇంజన్లు ఉన్నాయి. తుఫాను వచ్చి చేలు మునిగినప్పుడు ఇంజన్లు పెట్టి నీళ్లు తోడతాం కదా, సరిగ్గా అలాగే ఈ సూక్ష్మజీవి తన లోపలికి వచ్చిన మందును బయటికి తోడేస్తుంది. సన్నని తూము, కందకంలో కొర్రమీను, పగలూ రాత్రీ ఆడే ఇంజను: ఈ మూడూ ఒకేచోట కలిసినదాన్ని చంపడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంకొక సంగతి. బయటి గట్టు కట్టిన ఆ కొవ్వు పదార్థమే విషం. బాక్టీరియా చచ్చి ముక్కలైనప్పుడు అది రక్తంలో కలిసి చలీ జ్వరమూ తెస్తుంది, రక్తపోటును పడగొడుతుంది. కాబట్టి ఇక్కడ మందు ఆలస్యమైతే ప్రమాదం, తప్పు మందు అయితే అంతకంటే ప్రమాదం.

ఈ కొర్రమీను కథ ఎంత పాతదో చూడండి. పెన్సిలిన్‌ను మొదటిసారి రోగికి పద్ధతి ప్రకారం ఎక్కించింది 1941 ఫిబ్రవరిలో, ఆక్స్‌ఫర్డులో. దానికి ముందే, 1940 డిసెంబరులో, అదే ప్రయోగశాలకు చెందిన ఏబ్రహామ్, చెయిన్ అనే ఇద్దరు, పెన్సిలిన్‌ను నాశనం చేసే ఎంజైమును ఒక బాక్టీరియాలో కనుగొన్నామని ప్రకటించారు. ఆ బాక్టీరియా మన పేగుల్లో ఉండే ఈ.కోలై, అంటే ఎర్రరంగుదే. మందు మంచం దగ్గరికి రాకముందే విరుగుడు సిద్ధంగా ఉంది. సూక్ష్మజీవులు మన మందులు చూసి తెలివి నేర్చాయని అనుకుంటాం. నిజానికి ఈ ఆయుధాలు వాటి దగ్గర చాలాకాలంగా ఉన్నాయి. ఆయుధం ఉన్నవి మాత్రమే మిగిలేలా ఏరిపెట్టిన పని మనది.

ఇక ఈ రోజు తేదీ సంగతికి వస్తాను. 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు ఈ భీమవరంలోనే పుట్టారు. హార్వర్డులో కండరాల శక్తి రహస్యం మీద ఆయన చేసిన పని గురించి పిల్లలు పాఠాల్లో చదువుకునే ఉంటారు, దాన్ని దాటేస్తాను. తరువాత ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి పెద్దయ్యారు. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, అప్పటికే డెబ్బై దాటినవాడు, ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి పరీక్షించాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాని నుంచి తీసిన మందు ఆరియోమైసిన్. 1948లో లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటిది. పెన్సిలిన్ ప్రధానంగా ఊదారంగు వాటి మీద పనిచేసేది. ఆరియోమైసిన్ ఊదారంగు వాటి మీదా పనిచేసింది, ఎర్రరంగు వాటి మీదా పనిచేసింది. నోటితో మింగితే చాలు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఇంతవరకు మనం ఏటా చెప్పుకునేదే. దండ వేస్తాం, దీపం పెడతాం, ఇళ్లకు వెళతాం. కథ అక్కడ ఆగలేదు. అదే లెడర్లీలో జ్యూక్స్, స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లల మేతలో ఏ విటమిన్ కలపాలా అని చూస్తున్నారు. ఆరియోమైసిన్ తీసిన తరువాత మిగిలే పిప్పిని మేతలో కలిపితే పిల్లలు ఊహించినదానికంటే త్వరగా పెరిగాయి. మొదట అది విటమిన్ మహిమ అనుకున్నారు. కాదు, పిప్పిలో మిగిలిన మందు మహిమ. 1951 నాటికే అమెరికాలో పశువుల, కోళ్ల మేతలో యాంటీబయోటిక్ కలపడానికి అనుమతి వచ్చింది. జబ్బు తగ్గించడానికి కాదు, బరువు పెరగడానికి. ఆ అలవాటును ఐరోపా మానుకున్నది 2006లో, అమెరికా మానుకున్నది 2017లో. పందెం కోడికి జీడిపప్పూ బాదంపప్పూ పెట్టే మారాజులు ఇక్కడ ఉన్నారు. వారి గురించి నేనేమీ అనడం లేదు. ప్రాణం పోయవలసిన మందు మేత బస్తాలోకి దిగిన కథ, మన ఊరి బిడ్డ పర్యవేక్షణలో దొరికిన మందుతోనే మొదలైందన్న సంగతి మాత్రం ఈ రోజున గుర్తు చేయకుండా ఉండలేకపోయాను.

మేతలో కొద్దికొద్దిగా మందు పడితే ఏమవుతుంది? బలహీనమైనవి చస్తాయి. తట్టుకున్నవి పెరుగుతాయి. అక్కడితో ఆగితే ఆ కోళ్ల బాధ ఆ కోళ్లది. ఆగదు. ఆస్తి తండ్రి నుంచి కొడుకుకు రావడం ఒక పద్ధతి. పక్కింటివాడి దగ్గర చేబదులు తెచ్చుకోవడం ఇంకొక పద్ధతి. బాక్టీరియాకు రెండూ తెలుసు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరాన్ని ఒకదానికొకటి అందించుకుంటాయి. 1950లలో జపానులో రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా పోయింది. నాలుగింటికీ విడివిడిగా అలవాటు పడటానికి సమయం ఎక్కడిది? 1959లో అక్కడి శాస్త్రజ్ఞులు తేల్చినదేమిటంటే, ఆ నాలుగు శక్తులూ ఒక్క మూటగా షిగెల్లాకూ ఈ.కోలైకీ మధ్య చేతులు మారుతున్నాయని. కులం వేరైనా చేబదులు నడుస్తుంది. చెరువులో ఉన్నది మనిషి పేగులోని దానికి ఇవ్వగలదు, పేగులోనిది మురుగు కాలువలోని దానికి ఇవ్వగలదు.

కోలిస్టిన్ అనే మందు ఉంది. 1940ల చివరలో జపానులో దొరికింది. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని 1970ల తరువాత వైద్యులు దాన్ని పక్కన పెట్టారు. మిగతావన్నీ విఫలమయ్యాక మళ్లీ దులిపి తీశారు. ఐసీయూలో చివరి మెట్టు అది. మనుషులకు చివరి మెట్టు అయిన మందును కోళ్లకూ పందులకూ మేతలో పెట్టారు. 2015లో చైనా నుంచి వార్త వచ్చింది: కోలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 అనే జన్యువు ప్లాస్మిడ్ మీద కూర్చుని, పందుల్లోనూ మాంసంలోనూ రోగుల్లోనూ కనిపిస్తోందని. మన దేశంలో 2019 జూలైలో కోళ్లకూ ఆక్వా సాగుకూ మేతల్లోనూ కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించారు.

రొయ్యల రైతులు ముందు వరుసలో కూర్చున్నారు కాబట్టి వారితో కాసేపు మాట్లాడతాను. మీరు ల్యాబుకు నీళ్లు తీసుకువెళతారు. వాళ్లు విబ్రియో అనే బాక్టీరియాను పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటు మీద పోసి, మర్నాడు పసుపు కాలనీలు ఇన్ని, పచ్చ కాలనీలు ఇన్ని అని రాసి ఇస్తారు. ఆ రెండు రంగులూ విబ్రియోలే, రెండూ గ్రామ్ నెగటివ్‌లే. చక్కెరను పులియబెట్టేవి పసుపుగా వస్తాయి, పులియబెట్టలేనివి పచ్చగా వస్తాయి. ఉప్పునీటిలో విబ్రియో ఉండటం సహజం. ఎంత ఉంది, ఏ రకం ఉంది అన్నదే ప్రశ్న. రొయ్య పిల్లలను వదిలిన నెల రోజుల్లోనే చెరువులు ఖాళీ చేసే ఈఎంఎస్ జబ్బు విదేశాల్లో ఎందరినో ముంచింది. దానికి కారణం విబ్రియో పారాహీమోలిటికస్‌లోని ఒక రకమని 2013లో అమెరికాలోని ఆరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది. దాని విషం కూడా ప్లాస్మిడ్ మీదే ఉంది. మళ్లీ చేబదులే!

మీరు మందు వేసే జబ్బులన్నీ ఇవి కావు. వైట్ స్పాట్ వైరస్ వల్ల వస్తుంది. ఈహెచ్‌పీ అనేది శిలీంధ్రాలకు దగ్గరి బంధువైన పరాన్నజీవి, బాక్టీరియా కాదు. ఈ రెంటికీ ఏ యాంటీబయోటిక్ వేసినా, ఎంత వేసినా, ఎన్నిసార్లు వేసినా ఉపయోగం లేదు. ఉపయోగం లేకపోగా, చెక్ ట్రేలో మేత మిగిలిపోతోందని కంగారుపడి వేసిన ఆ మందు చెరువులోని విబ్రియోలకు శిక్షణ ఇస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయోటిక్‌ల జాడ రొయ్యల్లో దొరికితే విదేశాలకు పంపిన కంటైనరు వెనక్కి వస్తుందని మీకు నాకంటే బాగా తెలుసు. ఆ భయం మంచిదే. కానీ కంటైనరు వెనక్కి రావడం నష్టమని లెక్క కట్టుకుంటున్నాం, చెరువు నీళ్లు డ్రెయినులోకి వదిలిన రోజున ఏమి వదిలామో లెక్క కట్టుకోవడం లేదు. 2011లో ఢిల్లీ నీళ్ల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. వీధుల్లో నిలిచిన నీళ్లు 171 చోట్ల తీస్తే 51 చోట్ల, కుళాయి నీళ్లు 50 చోట్ల తీస్తే 2 చోట్ల ఎన్‌డీఎం-1 జన్యువు కనిపించింది. మిగతా మందులు విఫలమైనప్పుడు వాడే కార్బపెనెమ్‌లను సైతం కొరికేసే కొర్రమీను అది. ఢిల్లీకి ఉన్నది కుళాయి. మనకు ఉన్నది ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ. దాని నీళ్లే వేసవికి ముందు మంచినీళ్ల చెరువులు నింపుతాయి.

ఇంకొక మాట చెప్పి రైతులను వదిలేస్తాను. రొయ్య కొమ్ము చేతికి గుచ్చుకోవడం మీకు రోజువారీ సంగతి. కాలేయం చెడినవారికి, అంటే ఎక్కువగా తాగేవారికి, ఆ గాయంలోంచి విబ్రియో వల్నిఫికస్ ఎక్కితే గంటల్లో చేయి వాచి నీటి పొక్కులు లేస్తాయి. అప్పుడు పసుపు రాసుకుని రేపు చూద్దాంలే అనుకోకండి. ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి, రొయ్య గుచ్చుకుందని డాక్టరుకు చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు తెలియదు.

ఇప్పుడు జ్వరం. మన ఊళ్లలో మూడు రోజులు జ్వరం తగ్గకపోతే ఏమంటాం? ‘టైఫాయిడ్ కావచ్చు, విడాల్ చేయించండి’ అంటాం. విడాల్ పరీక్ష 1896 నాటిది. అది క్రిమిని చూడదు. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరానికి మన ఒంట్లో మిగిలిన గుర్తులను కూడా చూసి పాజిటివ్ అంటుంది. టైఫాయిడ్ మామూలుగా ఉండే మన వంటి చోట్ల, ఒక్కసారి చేసిన విడాల్‌ను నమ్మి మందు మొదలుపెట్టడం చీకట్లో రాయి విసరడమే. రక్తం కల్చరు చేయించాలి, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూడాలి. మొదటి వారంలో, మందు మొదలుపెట్టకముందే. మెడికల్ షాపు మిత్రులు నవ్వుతున్నారు, నాకు తెలుసు. కల్చరుకు మూడు రోజులు, మీ కౌంటరు దగ్గర మూడు నిమిషాలు.

టైఫాయిడ్ మందుల చరిత్ర చూస్తే ఆ మూడు నిమిషాల ఖరీదు తెలుస్తుంది. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చింది, అద్భుతంగా పనిచేసింది. 1972లో మన పక్కనే కేరళలోని కాలికట్‌లో దానికి లొంగని టైఫాయిడ్ ప్రబలింది. తొంభైల నాటికి క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ మూడూ పోయాయి. సిప్రోఫ్లాక్సాసిన్ పట్టుకున్నాం, అదీ జారిపోయింది. 2016 చివరలో హైదరాబాద్‌లో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగనిది బయలుదేరింది. కంగారుపడకండి, మన హైదరాబాద్ కాదు, పాకిస్తాన్ సింధు రాష్ట్రంలోని హైదరాబాద్. ఆ టైఫాయిడ్ క్రిమి మోసిన ప్లాస్మిడ్ ఈ.కోలైలో కనిపించే రకం. నోటితో మింగే మందుల్లో దానికి మిగిలింది ఒక్క అజిత్రోమైసిన్. మరి గొంతు గరగరకు కూడా మనం మింగుతున్నది ఏమిటి? అదే అజిత్రోమైసిన్.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. తొంభైల మొదట్లో, నేను కొత్తగా చేరిన రోజుల్లో, యాభై ఏళ్ల వరి రైతు ఒకాయన రక్తం కల్చరుకు వచ్చింది. మధుమేహం, పది రోజుల జ్వరం. రెండో రోజు ప్లేటు మీద నున్నటి చిన్న కాలనీలు వచ్చాయి. రంగు వేసి చూస్తే ఎర్రని కడ్డీలు, రెండు కొసలూ ముదురుగా, మధ్యలో వెలిసినట్టుగా, పిన్నీసులాగా ఉన్నాయి. ‘సూడోమోనాస్ జాతి, బహుశా కలుషితం’ అని రాసి సంతకం పెట్టి, ప్లేటు పారేయించాను. ఏ మందుకు లొంగుతుందో చూడటానికి ప్లేటు మీద పెట్టే మందు బిళ్లల్లో, జెంటామైసిన్ బిళ్ల చుట్టూ, కోలిస్టిన్ జాతి బిళ్ల చుట్టూ కూడా అది ధీమాగా పెరిగి ఉంది. ఆ రెంటికీ లొంగనిది, పిన్నీసులా కనిపించేది, మధుమేహం ఉన్న వరి రైతు రక్తంలోంచి వచ్చింది అంటే మొదట అనుమానించవలసినది మెలియాయిడోసిస్. తడినేలలో బతికే బర్క్‌హోల్డేరియా సూడోమాలై అనే బాక్టీరియా తెచ్చే జబ్బు అది. ప్లేటును ఇంకో రెండు రోజులు ఉంచి ఉంటే కాలనీలు ముడతలు పడి అసలు రూపం చూపించేవేమో. ఆ రైతు నాలుగో రోజున పోయారు. అది మెలియాయిడోసిసే అని ఇప్పటికీ నేను రుజువు చేయలేను, ఎందుకంటే రుజువును నేనే చెత్తబుట్టలో వేయించాను. ఆ జబ్బును 1911లో రంగూన్‌లో గుర్తించిన ఇద్దరిలో ఒకరు కృష్ణస్వామి అనే మన దేశపు వైద్యుడు. అది చదువుకుని కూడా గుర్తుపట్టలేకపోయాను. సెఫ్టాజిడిమ్ కానీ మెరోపెనెమ్ కానీ కనీసం రెండు వారాల పాటు నరానికి ఎక్కించి, తరువాత మూడు నెలలు కోట్రైమాక్సజోల్ మింగించాలి. అందుబాటులో ఉన్న మందులే. కావలసినదల్లా పేరు. ఆ పేరు నేను రాయలేదు.

కొత్త మందులు రావా అని అడుగుతారు. వస్తున్నాయి, నెమ్మదిగా. ఎర్రరంగు వాటికి పూర్తిగా కొత్త కుటుంబపు మందు అంటూ వచ్చింది 1962లో, నాలిడిక్సిక్ ఆసిడ్. ఆ తరువాత వాడుకలోకి వచ్చినవన్నీ దాదాపు పాతవాటి పిల్లలూ మనుమలే. బాక్టీరియాకు ఇనుము అవసరం కాబట్టి, ఇనుమును మోసుకొచ్చే వేషంలో లోపలికి చొరబడే సెఫిడెరోకాల్ 2019లో అమెరికా అనుమతి పొందింది. కందకంలోని కొర్రమీనును అడ్డుకునే ఎన్మెటాజోబాక్టమ్ చెన్నైలో పుట్టింది, 2024లో అమెరికా అనుమతి తెచ్చుకుంది. ఆ వార్త విన్న రోజు నేను ఇంట్లో స్వీట్లు తెప్పించాను. కానీ 2019లో ప్రపంచంలో మందులకు లొంగని బాక్టీరియా వల్లనే పోయినవారు దాదాపు 12.7 లక్షల మందని అంచనా. అందులో ముందు నిలిచిన ఆరు సూక్ష్మజీవుల్లో నాలుగు ఎర్రవే.

కల్చరు రిపోర్టు చదవడం రెండు ముక్కల్లో చెబుతాను. ‘ఎస్’ అంటే ఆ మందుకు లొంగుతుంది, ‘ఆర్’ అంటే లొంగదు. ‘ఎస్’ ఎక్కువున్న పెద్ద మందు రాయమని డాక్టరును అడగకండి, సరిపోయే చిన్న మందును ఎంచడం ఆయన పని. మూత్రం కల్చరుకు మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి, రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి. పాలకొల్లు నుంచి బస్సులో సీసా పట్టుకుని మధ్యాహ్నం వేళ వచ్చి, దారిలో భోజనం కూడా ముగించుకుని ఇస్తే, ఆ సీసాలో పెరిగినది మీ జబ్బు కాదు, మీ ప్రయాణం.

సరే, ఇక లేవండి. ఎడమవైపు మైక్రోస్కోపులో ఉన్నది మా ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, అవి ఊదారంగు గొలుసులు, కడ్డీలు. కుడివైపుది ఇక్కడి ఒక చెరువు నీటిలోంచి పెంచిన విబ్రియో, వంకర తిరిగిన ఎర్రని కామాల్లా ఉంటుంది. వేడి చేసి చంపి రంగు వేసినదే, భయం లేదు. కటకం మీద నూనె చుక్క వేశాను, పక్కనున్న చక్రం తిప్పకండి, స్లైడు పగులుతుంది. పిల్లలను ముందుకు పంపండి. కళ్లజోడు ఉన్నవారు తీసి చూడండి.